డైరీ జనవరిది.. బడి జూన్‌ది!

బీఈడీ చివరి సెమిస్టర్‌లో ఉన్నారా? డీఎస్సీకి చదువుతూనే ఈలోగా ఏదైనా ప్రైవేటు స్కూల్లో చేరదామనుకుంటున్నారా? ఉద్యోగం ఖాయం కాగానే కొనే వస్తువులు కొన్నుంటాయి. భుజానికో బ్యాగు, టిఫిన్ బాక్సు, రెండు జతల మంచి బట్టలు, వాటితో పాటు ఓ డైరీయో ప్లానరో. బట్టల కోసం నాలుగు షాపులు తిరిగేవాళ్లు కూడా ప్లానర్‌ను మాత్రం అట్ట చూసి అయిదు నిమిషాల్లో కొనేస్తారు. కొందరైతే అసలు కొనరు. కొత్త సంవత్సరానికి ఎవరో ఇచ్చిన డైరీ ఇంట్లో ఖాళీగానే పడుంది కదా అని దాన్నే బ్యాగులో వేసుకుంటారు.

మొదటి ఏడాది నేనూ అదే చేశాను. అందుకే ఈ చిన్న విషయానికి ఇంత చోటు తీసుకుంటున్నాను.

అప్పట్లో నేను ఓ మండల హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. రోజుకో పేజీ ఉన్న డైరీ నాది, చూడ్డానికి దర్జాగా ఉండేది. ఏ క్లాసులో ఏం చెప్పానో, ఎవరు రాలేదో రోజూ శ్రద్ధగా రాసేవాణ్ని. ఎనిమిదో తరగతిలో బాగా చదివే ఓ అమ్మాయికి అర్ధ సంవత్సర పరీక్షలో బీజగణితం లెక్కలన్నీ తప్పాయి. మందలించాను. తలొంచుకుంది తప్ప ఏమీ చెప్పలేదు. డిసెంబరు 31తో నా డైరీ అయిపోయింది. జనవరిలో కొత్తది మొదలైంది. పాతది ఇంట్లో అటకెక్కింది.

ఫిబ్రవరిలో ఓ రోజు స్టాఫ్‌రూంలో మా తెలుగు మాస్టారు తన పుస్తకం తెరిచి ఉంచారు. మామూలు లాంగ్ బుక్కు. స్కేలుతో గళ్లు గీసుకున్నారు. రెండు పేజీల్లో ఒక వారం. ‘‘ఈ అమ్మాయి సంగతి గమనించావా బాబూ?’’ అని నాలుగైదు పేజీలు వెనక్కి తిప్పి చూపించారు. అన్ని వారాల్లోనూ గురువారం గడిలోనే ఆ అమ్మాయి రోల్ నంబరుకు సున్నా చుట్టి ఉంది. గురువారం ఆ ఊరి సంత. తల్లి కూరగాయల బుట్టతో సంతకు వెళ్తే, మూడేళ్ల తమ్ముణ్ని చూసుకోవడానికి ఈ పిల్ల ఇంట్లో ఉండిపోయేది. అదే సమాచారం నా డైరీలోనూ ఉంది. ఇరవై వేర్వేరు పేజీల్లో చెల్లాచెదురుగా ఉంది, అందులోనూ సగం అటక మీద! కొత్త పాఠం ఎత్తుకోవడానికి వీలుగా ఉంటుందని గురువారం నేను రెండు పీరియడ్లు కలిపి తీసుకునేవాణ్ని. అంటే ఆ అమ్మాయికి ప్రతి పాఠానికీ మొదలే లేకుండా పోయింది.

మాస్టారూ, నేనూ వాళ్లింటికి వెళ్లాం. తమ్ముణ్ని అంగన్‌వాడీలో వేయడానికి తల్లి ఒప్పుకుంది. గురువారాలు మళ్లీ బడికి వచ్చింది కానీ, ఆ ఏడాది బీజగణితంలో మాత్రం పూర్తిగా కోలుకోలేదు. జూలైలోనో ఆగస్టులోనో చూడాల్సింది నేను ఫిబ్రవరిలో చూశాను, అదీ ఇంకొకరు చూపిస్తే.

ఏం రాయాలన్నది కాదు, ఏం కనబడాలన్నదే

ప్లానర్ అంటే రేపు ఏం చేయాలో రాసుకునే పుస్తకం అనుకుంటాం. ఆఫీసు ఉద్యోగికి సరిపోతుందేమో. టీచర్‌కు మాత్రం అనుకున్నదీ, జరిగిందీ పక్కపక్కనే కనిపించాలి. ఎందుకంటే బడిలో అనుకున్నట్టు జరిగే వారం చాలా అరుదు. వానలకు సెలవిస్తారు. పంద్రాగస్టు రిహార్సల్స్‌కు ఆఖరి పీరియడ్ పోతుంది. తోటి టీచర్ సెలవు పెడితే మీ లీజర్ పీరియడ్ సబ్‌స్టిట్యూషన్‌కు వెళ్లిపోతుంది. మండల కేంద్రంలో మీటింగ్ అంటారు. ఇవన్నీ మీ చేతిలో లేవు. ఎంత నష్టపోయామో ఆ శనివారమే తెలుసుకోవడం మాత్రం మీ చేతిలోనే ఉంది.

కాబట్టి షాపులో ప్లానర్ తెరవగానే ముందు చూడాల్సింది వారం పేజీ. వారమంతా ఒకేచోట, ఎదురెదురు పేజీల్లో కనబడుతోందా? ప్రతి గడిలో కనీసం రెండు విషయాలకు చోటుందా? పైన ‘చెప్పాల్సింది’, కింద ‘చెప్పింది’ అని రాసుకోగలరా? ఈ రెండూ లేకపోతే మిగతా ఎన్ని హంగులున్నా పక్కన పెట్టేయండి.

ఇక్కడే చాలామంది బోల్తా పడేది. ఆన్‌లైన్‌లో ‘టీచర్ ప్లానర్’ అని వెతికితే ముచ్చటైన రంగుల్లో బోలెడు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు అమెరికా బడులను దృష్టిలో పెట్టుకొని చేసినవి. అక్కడ వారానికి అయిదు రోజులే బడి. శని, ఆదివారాలను కలిపి మూలన ఓ చిన్న గడిలో సర్దేస్తారు. ఏడాది జులైలోనో ఆగస్టులోనో మొదలవుతుంది. మనకు శనివారం కూడా పూర్తి పనిదినమే. వారంలో ఆరో వంతు పని పట్టని పుస్తకానికి వందలు పోయడం దేనికి? అందులో ఉండే పుట్టినరోజుల పేజీ, స్ఫూర్తినిచ్చే కొటేషన్లు, స్టిక్కర్లు మీ పదో తరగతి సిలబస్‌ను ఒక్క పేజీ కూడా ముందుకు నడపవు.

ఏ4నా, ఏ5నా?

చేతిసంచిలో ఇమిడిపోతుందని ఏ5 సైజు ముద్దొస్తుంది. కొనేముందు ఒక చిన్న లెక్క వేయండి. రోజుకు ఎనిమిది పీరియడ్లు, వారానికి ఆరు రోజులు. మొత్తం 48 గడులు. ఏ5 పేజీ 148 మిల్లీమీటర్ల వెడల్పు, 210 మిల్లీమీటర్ల పొడవు. రెండు పేజీలు పరిచి, అంచులు వదిలేస్తే ఒక్కో గడికి దక్కేది సుమారు నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పు, రెండు సెంటీమీటర్ల ఎత్తు. చిన్నక్షరాలతో రెండు వరుసలు పడతాయి. తెలుగులో గుడులూ ఒత్తులూ పెట్టి రాస్తే అదీ ఇరుకే. అదే ఏ4 అయితే గడి ఆరు సెంటీమీటర్లకు పైగా వెడల్పు, మూడు సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. నాలుగు వరుసలు హాయిగా రాసుకోవచ్చు. బస్సులో నిలబడి వెళ్లేవాళ్లకు ఏ4 బరువే, ఒప్పుకుంటాను. అయినా నా ఓటు పెద్దదానికే. గడిలో చోటు లేకపోతే ‘తర్వాత రాద్దాం’ అనుకుంటాం. ఆ తర్వాత అనేది రాదు.

పీరియడ్ల గడులు అందరికీ నప్పవు. ఎస్జీటీగా ఏకోపాధ్యాయ పాఠశాలకు వెళ్తే ఒకే గదిలో అయిదు తరగతులుంటాయి. అక్కడ ‘మూడో పీరియడ్’ అన్న మాటకు పెద్దగా అర్థం లేదు. రెండో తరగతి వాళ్లు ఎక్కాలు రాస్తుంటే నాలుగో తరగతికి పాఠం చెబుతుంటారు. అలాంటివాళ్లకు అడ్డవరుసల్లో పీరియడ్లకు బదులు తరగతులుండాలి. ఒకటి నుంచి అయిదు వరకు, తరగతికో వరుస. ముద్రించిన గడులున్న ప్లానర్ కొంటే ఈ మార్పు కుదరదు. ఖాళీ గడులున్నదే కొనాలి.

తేదీలు వేసి ఉన్నది కొనొచ్చా?

మీరు ఏ బడిలో, ఎప్పుడు చేరతారన్న దాన్ని బట్టి ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టేట్ సిలబస్ బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు, ఏప్రిల్ 23తో ముగుస్తాయి. సీబీఎస్‌ఈ బడుల్లో కొత్త తరగతులు ఏప్రిల్‌లోనే మొదలై, మధ్యలో వేసవి సెలవులొస్తాయి. జనవరి డైరీ ఈ రెండింటికీ సరిపోదు. పరీక్షలు తరుముకొచ్చే వేళకి మిమ్మల్ని కొత్త పుస్తకంలోకి నెట్టి, ఎస్‌ఏ-1 మార్కుల్నీ ఎస్‌ఏ-2 మార్కుల్నీ రెండు చోట్ల పడేస్తుంది.

పైగా ప్రభుత్వ ఉద్యోగం జూన్ 12 చూసుకొని రాదు. తెలంగాణలో 11,062 పోస్టుల డీఎస్సీ-2024లో ఎంపికైనవాళ్లకు నియామక పత్రాలు అందింది అక్టోబరులో. ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ-2025 విజేతలకూ సెప్టెంబరు చివర్లో అందాయి. జూన్‌లోనే తేదీల ప్లానర్ కొనుక్కొని కూర్చున్నవాళ్లకు మూడో వంతు పేజీలు తెల్లగా మిగిలిపోయి ఉంటాయి. ఇంకా పోస్టింగ్ తెలియనివాళ్లు తేదీలు లేని ప్లానర్ తీసుకోవడమే మేలు. వారం వారం తేదీ చేత్తో వేసుకోవాలి, అంతేగా!

ఏడాది మధ్యలో చేరేవాళ్లకు ఇంకో మాట. మొదటి రెండు పేజీల్లో మీరు రాసుకోవాల్సింది మీ ప్రణాళిక కాదు. మీకంటే ముందు ఆ సబ్జెక్టు ఎవరు చెప్పారు, ఎక్కడిదాకా వచ్చింది, ఏయే పాఠాలు పైపైనే వెళ్లాయి అన్నవి. హెచ్‌ఎంను అడగండి, పిల్లల్నీ అడగండి. ఇద్దరి సమాధానాలూ ఒకలా ఉండవు. పిల్లల నోట్సులే నిజం చెబుతాయి.

అక్టోబరులోనే తెలిసిపోవాలి

వారం పేజీ ఎంత బాగున్నా, ఏడాది మొత్తం ఒకేచోట చూపించే పేజీ లేకపోతే ప్లానర్ సగమే. దాని విలువ పదో తరగతి చెప్పేవాళ్లకు బాగా తెలుసు. గణితమే తీసుకుందాం. రెండు రాష్ట్రాల్లోనూ పదో తరగతి పుస్తకంలో 14 అధ్యాయాలు. పరీక్షలు మార్చిలో. జనవరి మొదటి పక్షానికల్లా సిలబస్ ముగించి రివిజన్‌కు వెళ్లాలని బడులన్నీ కోరుకుంటాయి.

జూన్ 12 నుంచి జనవరి 10కి 30 వారాలు. దసరా సెలవులకు దాదాపు రెండు వారాలు తీసేయండి. ఎఫ్‌ఏలు, ఎస్‌ఏ-1కు మరో రెండు. వానలు, పండగలు, ఇతర కార్యక్రమాలు కలిపి ఇంకో వారం. మిగిలేవి 25. వారానికి ఆరు పీరియడ్ల చొప్పున 150. ఒక్కో అధ్యాయానికి పదిన్నర పీరియడ్లు! వినడానికి బాగానే ఉంది కానీ, సంభావ్యత అంతలోపే అయిపోతుంది, సరూప త్రిభుజాలు అంతలో తెమలవు. ఇదే లెక్కన అక్టోబరు ఆఖరుకు మీరు తొమ్మిదో అధ్యాయం దగ్గరుండాలి. ఆరులోనే ఉన్నారనుకోండి, ఏడాది పేజీలో ఆ వెలితి అక్టోబరులోనే కనబడుతుంది. అదనపు క్లాసులు అడగడానికి, చిన్న అధ్యాయాలను ముందుకు జరపడానికి అప్పటికింకా సమయం ఉంటుంది. వారం పేజీలు మాత్రమే రాసుకునేవాళ్లు దాన్ని సంక్రాంతి సెలవుల్లో కనిపెడతారు. ఆఖరి రెండు అధ్యాయాలు పరుగులు పెడతాయి. ఇంట్లో చెప్పేవాళ్లున్న పిల్లలు ఎలాగో నెట్టుకొస్తారు, లేనివాళ్లు ఆ ప్రశ్నలు వదిలేస్తారు.

బీఈడీలో మీరు రాసిన వార్షిక ప్రణాళిక, యూనిట్ ప్లాన్, పీరియడ్ ప్లాన్ ఇవేగా అంటారా? అవే. బడిలో వాటికి వేరే రికార్డు ఉంటుంది, హెచ్‌ఎం సంతకమూ ఉంటుంది. ప్లానర్ దానికి బదులు కాదు. రికార్డు ఇతరులకు చూపించడానికి, ప్లానర్ మీకు మీరు అబద్ధం చెప్పుకోకుండా ఉండటానికి.

కాగితం, కుట్టు

ఇక్కడ ఎక్కువ ఆలోచించక్కర్లేదు. 70 జీఎస్‌ఎం లేదా ఆపైన కాగితమైతే జెల్ పెన్ను ఇంకు అవతలి వైపుకు అంత తేలిగ్గా దిగదు. షాపులోనే మీ పెన్నుతో చివరి పేజీ మూలన (అడిగి!) ఒక గీత గీసి చూడండి. స్పైరల్ బైండింగ్ బల్లపై చక్కగా పరుచుకుంటుంది కానీ, బ్యాగులో పుస్తకాల కింద నలిగి తీగ వంగితే డిసెంబరుకల్లా పేజీలు ఊడొస్తాయి. దారంతో కుట్టినదైతే ఏడాది నిలుస్తుంది. కేవలం జిగురుతో అతికించినది రోజుకు పదిసార్లు తెరిచి మూసే పనికి పనికిరాదు.

వంద రూపాయల ప్లానర్

నిజం చెప్పాలంటే నేను ఇప్పటికీ వాడేది ఆ తెలుగు మాస్టారి పద్ధతే. హైదరాబాద్ కోఠిలోనో, విజయవాడ ఏలూరు రోడ్డులోనో, మీ ఊరి బుక్ స్టాల్‌లోనో 200 పేజీల లాంగ్ బుక్కు వందకు అటూఇటూగా దొరుకుతుంది. జూన్ 12 నుంచి ఏప్రిల్ 23 దాకా 45, 46 వారాలు. వారానికి రెండు పేజీల చొప్పున 92 పేజీలు చాలు. పేజీలో పాతిక గీతలకు పైనే ఉంటాయి కాబట్టి ఎనిమిది పీరియడ్లకు మూడేసి గీతలు వస్తాయి. మొదటి గీతపై చెప్పాల్సింది, రెండోదానిపై చెప్పింది, మూడోదానిపై రానివాళ్ల రోల్ నంబర్లు. ఎడమ పేజీలో సోమ, మంగళ, బుధ. కుడి పేజీలో గురు, శుక్ర, శని. ఏడాది పట్టికకు వారానికో గీత చొప్పున ఎదురెదురు పేజీలు రెండు. మిగిలిన వందకు పైగా పేజీల్లో మార్కులు, తల్లిదండ్రులతో మాట్లాడిన తేదీలు, అర్థంకాని లెక్కల జాబితాలు ఏవైనా రాసుకోవచ్చు.

46 వారాలకూ ఒకేసారి గళ్లు గీయాలని కూర్చోకండి, విసుగొచ్చి మానేస్తారు. ఆదివారం సాయంత్రం పది నిమిషాల పని. మీ చేత్తో ఆ గళ్లు గీస్తున్నప్పుడే వచ్చే వారంలో ఏ సెలవుందో, ఏ మీటింగుందో గుర్తొస్తుంది. చేతిరాత బాగాలేదని, గీతలు వంకర పోతాయని అనుకునేవాళ్లు కొన్నదే వాడండి. తప్పేం లేదు.

‘ఫోన్‌లో రాసుకోకూడదా?’ అని మీలో చాలామంది అడుగుతారు. హాజరు నుంచి యూడైస్ వివరాల దాకా ఎలాగూ యాప్‌లలోనే నింపాలి. నిరభ్యంతరంగా క్యాలెండర్ రిమైండర్లు ఫోన్‌లోనే పెట్టుకోండి. కానీ పిల్లల ముందు పాఠం మధ్యలో ఫోన్ తీసి టైప్ చేస్తుంటే, సార్ వాట్సాప్ చూస్తున్నారనే వాళ్లనుకుంటారు. పుస్తకంలో రాస్తే మన గురించే ఏదో రాస్తున్నారని సర్దుకొని కూర్చుంటారు!

ఉద్యోగానికి ముందే మొదలెట్టండి

రెండేళ్ల బీఈడీలో బడి ఇంటర్న్‌షిప్ ఉంటుంది. అప్పుడే ఒక లాంగ్ బుక్కు పెట్టి, మీరు చెప్పిన ప్రతి పీరియడ్‌కూ ఆ రెండు వరుసలూ రాయండి. 40 నిమిషాలకు అనుకున్న పాఠం నిజానికి ఎంత తీసుకుందో తెలుస్తుంది. నా మొదటి నెలలో అనుకున్నదాంట్లో సగం దగ్గరే గంట కొట్టేసేవారు.

దీనికో తక్షణ ప్రయోజనం కూడా ఉంది. టెట్, డీఎస్సీ మెథడాలజీలో ప్రణాళికల మీద వచ్చే ప్రశ్నలు బట్టీ పట్టక్కర్లేకుండా అర్థమవుతాయి. ప్రైవేటు స్కూళ్ల ఇంటర్వ్యూల్లో డెమో క్లాసు అయ్యాక ప్రిన్సిపల్ సాధారణంగా అడిగేది, ‘ఈ యూనిట్ ఎన్ని పీరియడ్లలో పూర్తి చేస్తారు?’ అని. ‘ఆరు సార్’ అని గాల్లోంచి చెప్పేవాళ్లే ఎక్కువ. ‘ఇంటర్న్‌షిప్‌లో ఆరనుకున్నాను, తొమ్మిది పట్టింది. భిన్నాలు రాని పిల్లలకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది’ అని పుస్తకం తెరిచి చూపించగలిగితే, అవతలి మనిషి కుర్చీలో కాస్త ముందుకు జరుగుతారు. ‘తప్పిపోయింది’ అని ఒప్పుకోవడానికి భయపడకండి. పాఠం చెప్పిన ఎవరికైనా అది జరుగుతుందని వాళ్లకూ తెలుసు.

ఇంకొక్క జాగ్రత్త. ఈ పుస్తకం స్టాఫ్‌రూం బల్ల మీద ఉంటుంది, పిల్లల చేతికిచ్చి ‘క్లాసులో పెట్టి రా’ అని పంపుతాం కూడా. అందుకే పిల్లల ఇంటి సంగతులు పేర్లతో రాయొద్దు. నాన్న తాగుతాడనో, ఫీజు కట్టలేదనో, పెళ్లి చూపులు జరిగాయనో తెలిస్తే రోల్ నంబరు పక్కన మీకు మాత్రమే తెలిసే ఓ గుర్తు పెట్టుకోండి. మా మాస్టారి సున్నాకు అర్థం ఆయన చెప్పేదాకా నాకూ తెలియలేదు.